సుమత్రా సంక్షోభం

ఫిలింనగర్‌లో కాపురమున్నవాళ్ళ కష్టాలు ఏ ప్రభుత్వానికీ పట్టవు. షూటింగ్ వ్యాన్లు గేటుకు అడ్డం, రాత్రంతా జనరేటర్ రొద, ఎదురు బంగళాలో ఒకే పెళ్ళి పదకొండుసార్లు. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది కుండీలో ఉంది.

షూటింగులకు మొక్కలు అద్దెకిచ్చే నర్సరీలో కొన్నాను. మనిషెత్తు ఒంటికాడ, దాని మీద కొండచిలువ ఒంటి మచ్చలు, పైన విప్పిన గొడుగు. "ఇంపోర్టెడ్ సార్, పేరు నోరు తిరగదు" అన్నాడు. నోరు తిరగని పేరుకు 1,800 ఎక్కువా అని ఇచ్చేశాను.

పేరు తెలియని మొక్క ఇంట్లో ఉంటే ఎంత అప్రతిష్ఠో మీకు చెప్పాలా? చుట్టాలు అడుగుతారు, వాచ్‌మన్ అడుగుతాడు, కొరియర్ కుర్రాడు సంతకం పెట్టించుకోవడం మానేసి మరీ అడుగుతాడు. ఫోనుకు ఫొటో చూపిస్తే "అమార్ఫోఫాలస్" అంది. ఇంటిపేరు చెప్పి అసలు పేరు మింగేసింది. ఆ రాత్రి నిద్ర మాని చదివాను. సుమత్రా అడవుల్లో 1878లో బెక్కారి అనే ఇటలీ పండితుడి కంటబడిన మహాపుష్పం ఈ వంశానిదే! 1889లో లండన్ క్యూ గార్డెన్స్‌లో పూసిందట. నేను మాను అనుకున్నది ఆకుకాడట, గొడుగంతా కలిపి ఒకే ఒక్క ఆకట. పూస్తే కుళ్ళిన మాంసం కంపట. వీధికి నా వంతు సేవ ఖాయమైంది.

జూబ్లీహిల్స్ అంటే రాతిగుట్ట. మట్టి కూడా బస్తాల్లో కొనాలి. కొన్నాను. కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు, ఫిల్టర్ నీళ్ళు... నెలరోజులు నా కాఫీ గురించి అడిగిన నాథుడు లేడు.

ఇంతలో కొత్త వంటావిడ వచ్చింది, కోనసీమ మనిషి. కుండీ ముందు ఆగి, "ఇది కందండీ బాబూ! ఇంట్లో బచ్చలి ఉందాండీ?" అంది.

కంద! కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన దురద పెట్టని రకానికి గజేంద్ర అని పేరు. గజం ధర వింటే గుండె జారే గుట్ట మీద గజేంద్రుణ్ణి సాకుతున్నానని కాస్త ఊరట పడబోయాను. దుంప దగ్గర మట్టి సర్దిన చేతులు సాయంత్రం దాకా గోకాను. సూదుల్లాంటి స్ఫటికాలుంటాయట అందులో. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. నాకెందుకో ఎవరూ చెప్పరు. మా ఆవిడ నవ్వనైనా నవ్వలేదు. కత్తిపీట కడిగి ఆరబెట్టింది.

మర్నాడు గోడ మీంచి ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడు తొంగిచూశాడు. "సార్, అమెజాన్ అడవి సీను. మీ మొక్క మూడు రోజులు కావాలి." అమెజాన్‌లో కంద ఎక్కడిదని అనబోయి, కత్తిపీట గుర్తొచ్చి ఊరుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా ఈ వీధిలో ఉన్నాను, గుంపులో గోవిందయ్య వేషమైనా ఎవరూ ఇవ్వలేదు. కందకు మూడు రోజుల కాల్షీటు! అయితే నన్నూ రమ్మన్నారు.

కుండీ బరువుగా ఉందట.