మేయరు బాబాయ్

అచ్చంపేటకు మేయరు లేడు. ఉండే వీలూ లేదు. మండల కేంద్రమే అయినా మాది గ్రామ పంచాయతీ; పంచాయతీకి సర్పంచే. ఆ మాటకొస్తే 2022 ఏప్రిల్లో ఏర్పడిన మా పల్నాడు జిల్లాలో ఏ ఊరికీ మేయరు లేడు. జిల్లా కేంద్రం నరసరావుపేటకూ మున్సిపల్ ఛైర్మనే. మేయర్ని కళ్లారా చూడాలంటే గుంటూరో బెజవాడో పోవాలి. అయినా పొద్దున్నే టీ కొట్టు దగ్గర "మేయరు బాబాయ్!" అని కేకేస్తే ఒక మనిషి ఠీవిగా తల తిప్పుతాడు.

వార్డు మెంబరుగా గెలిచిన మనిషి కాదు. అసలు నిలబడిందే లేదు. "నిలబడితే ఓడిపోవచ్చు. ఓడిపోతే ఊళ్లో మాట చెల్లదు" అంటాడు. ఇస్త్రీ చొక్కా జేబులో రెండు పెన్నులు, రెండింట్లో ఒకటి రాయదు.

వీధి దీపం వెలిగితే "నిన్ననే చెప్పానులే." వెలక్కపోతే "గవర్నమెంటు అట్లా ఏడ్చింది." మురిక్కాలవ పూడిక తీస్తుంటే గట్టున నిలబడి కూలీలకు పార పట్టుకోవడం నేర్పుతాడు. మాదిపాడు రేవులో బల్లకట్టు ఆగితే ఆయనకు చెప్పే ఆపారట. 2021 ఆగస్టులో పులిచింతల డ్యామ్ 16వ నంబరు గేటు కొట్టుకుపోయినప్పుడు మాత్రం కొన్నాళ్లు టీ కొట్టు ఛాయలకు రాలేదు. ముందురోజే "గేట్ల సంగతి నేను చూసుకుంటున్నా" అని నోరు జారాడు మరి.

"నీకేం అధికారాలున్నాయి బాబాయ్?" అని ఓ కాలేజీ కుర్రాడు అడగనే అడిగాడు.

"గుంటూరు మేయరుకు మాత్రం ఏమున్నాయిరా? కౌన్సిల్లో పెద్ద కుర్చీ ఆయనది, పనులు చేయించే సంతకం కమిషనరుది. నాకు ఆ కమిషనరు బెడద కూడా లేదు."

కుర్రాడు నోరు మూశాడు. చట్టం కూడా ఇంచుమించు అదే చెబుతుంది మరి. పైగా ఇప్పుడు మేయర్ని జనం నేరుగా ఎన్నుకోరు, కార్పొరేటర్లు ఎన్నుకుంటారు. బాబాయ్‌ని టీ కొట్టు ఏకగ్రీవంగా ఎన్నుకుంది. అవిశ్వాసం పెడదామంటే ఆ టీ డబ్బులిచ్చేది ఆయనే.

మీ ఊళ్లోనూ ఇలాంటి మేయరు ఉండే ఉంటాడు. దీపం పోతే ముందు ఆయన చెవిన వేయండి, ఆనక పంచాయతీ కార్యదర్శికి అర్జీ రాసివ్వండి. వెలిగేది అర్జీకే. పేరు మాత్రం ఆయనకే పోనివ్వండి.