అంబాసిడర్‌ను ఆపదలచినవారికి ఏడు చిట్కాలు

2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. మీ బండి మాత్రం సిగ్నల్ దగ్గర కూడా ఆగనంటోంది. పాత మోడల్ కాబట్టి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. వాటిని పీకించి డిస్కులు వేయించాలని నిశ్చయించుకున్నారు. శుభం. ఇక ఈ వరుస తప్పకండి.

1. ముందు మెకానిక్ సంగతి చూడండి. "డ్రమ్ములు లేత్ పట్టించి, కొత్త లైనింగ్ వేసి, షూలు సరిగ్గా సర్దితే బాగానే ఆగుతుంది సార్" అనేవాడి గుమ్మం మళ్ళీ తొక్కొద్దు. తక్కువలో తేలిపోయే పనిని నలుగురికీ చూపించుకోలేం. కాలిపర్లకు ఏ రంగు వేయమంటారని మొదట అడిగినవాడే మనవాడు. ఎరుపు చెప్పండి.

2. ముందు చక్రాలకు డిస్కులు వేయించి, మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచండి. కాలిపర్ పిస్టన్ పెద్దది, ఎక్కువ ఆయిలు అడుగుతుంది. డ్రమ్ముల లెక్కకు చేసిన మాస్టర్ అంత పంపలేదు కనుక పెడల్ అడుగు దాకా పోతుంది. కాలికి వ్యాయామం. పైగా ఆ మాస్టర్‌లోని వాల్వు డ్రమ్ముల కోసమని లైనులో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. దాంతో ప్యాడ్లు డిస్కును వదలవు. కాసేపటికి చక్రం దగ్గర మాడు వాసన వస్తే, కొత్త బ్రేకులు అలాగే ఉంటాయని ఇంట్లో సర్దిచెప్పండి.

3. వెనక చక్రాలకూ డిస్కులు వేయించండి, డబ్బులకు చూసుకోకండి. బ్రేకు తొక్కగానే బండి బరువంతా ముందుకు వాలుతుంది, వెనక టైర్లకు పట్టు తగ్గుతుంది. అందుకని వెనకకు వెళ్ళే ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టాలంటారు. పెట్టకపోతే వెనక చక్రాలు ముందే బిగుసుకుని, తడి రోడ్డు మీద డిక్కీ బానెట్‌ను దాటి ముందుకొస్తుంది. వచ్చిన దారి ఒకసారి చూసుకున్నట్టూ ఉంటుంది.

4. పాత మాస్టర్‌కు గది ఒక్కటే. ఎక్కడ ఒక్క పైపు కారినా నాలుగు బ్రేకులూ కలిసే పోతాయి. ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటిగా రెండు గదులున్న టాండెమ్ మాస్టర్ వేయమని ఎవరైనా అంటే, ఒరిజినాలిటీ పోతుందని గట్టిగా చెప్పండి. ఎర్ర కాలిపర్ల ప్రస్తావన తేవొద్దు.

5. రబ్బరు హోసులు మార్చకండి, నల్ల పెయింటు కొట్టించండి. లోపల రబ్బరు ఉబ్బి దారి మూసుకున్నా, కాలి ఒత్తిడికి ఆయిలు ఎలాగో వెళ్తుంది. తిరిగి రావడానికే మొరాయిస్తుంది. బ్రేకు వదిలినా చక్రం వదలదు. ఇంత గట్టిగా పట్టే బ్రేకు కావాలనే కదా మీరు కోరుకున్నది!

6. కిందటేడు మూత తీసిన బ్రేకు ఆయిలు సీసా షెడ్డులో ఉండే ఉంటుంది, అదే పోయించండి. తాజా డాట్ 4 ఆయిలు 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకున్నాక 155 దగ్గరే మరగొచ్చు. మరిగితే లైనులో ఆవిరి బుడగలు చేరి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ఎయిర్ తీసేటప్పుడు కూడా మాస్టర్‌కు దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలెట్టాలని పట్టుబడతారు. ఒకడు పెడల్ తొక్కి పట్టాలట, ఇంకొకడు నిపుల్ వదులు చేసి, సన్నటి పైపు చివర ఆయిల్లో బుడగలు పూర్తిగా ఆగే దాకా చూడాలట. టీ చల్లారిపోతుంది. నాలుగు బుడగలు రాగానే నిపుల్ బిగించేయమనండి.

7. ట్రయల్‌కు కుటుంబాన్నంతా ఎక్కించుకుని అరకు వెళ్ళండి. తిరుగు ప్రయాణంలో అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు ఇంజిను ఆపేసి న్యూట్రల్‌లో రండి, పెట్రోలు మిగులుతుంది. డ్రమ్ము తిరుగుతూ ముందు షూను తనంతట తానే తనకేసి లాక్కునేది. డిస్కుకు ఆ గుణం లేదు కాబట్టి కాలి బలాన్ని పెంచే సర్వో బిగించారు. సర్వోకు వాక్యూమ్ ఇచ్చేది ఇంజినే. అది ఆగాక రెండు మూడు సార్లు తొక్కేసరికి నిల్వ అయిపోతుంది, ఆ పైన పెడల్ మీద నిలబడ్డా పెద్దగా కదలదు. హ్యాండ్ బ్రేకు ఉందిగా అంటారేమో. వెనక డిస్కులు వేసిన రోజు ఆ కేబులు ఎక్కడ తగిలించాలో తెలియక మెకానిక్ దాన్ని చుట్టచుట్టి మీ సీటు కిందే పెట్టాడు.