సైకిల్ ఆటవెలదికి టీకా తాత్పర్యము

అవతారిక

ముంబైలో ఆర్.ఎస్. నిమ్కర్ మార్గ్ అని మునిసిపాలిటీ పలక మీద ఉన్న వీధిని చాళ్లలోని తెలుగువారు నేటికిని ఫోరస్ రోడ్డే అందురు. పక్కనున్న కామాఠిపుర పేరు, నిజాం రాజ్యమునుండి వచ్చి ఈ నగరమునకు రాళ్లు మోసి గోడలు లేపిన కామాఠీల వలన కలిగినది. లోకము ఈ గల్లీలను వేరొక కారణమున ఎరుగును గాని, ఇచ్చట పెండ్లి కార్డులును పంచబడును. అట్టి కార్డు ఒకటి పుట్టించిన పద్యమిది.

మూలము

మిత్రు పెండ్లి యనుచు మెడలోన టవలుతో
సైకి లెక్కి యతడు సాగె; ఘాటు
నెక్కలేక దిగియు నీడ్చుచు బండిని
పప్పు గిన్నె కడుగు పాటి కొచ్చె.

ప్రతిపదార్థము

మిత్రు పెండ్లి యనుచు = స్నేహితుని పెండ్లి యని మనసులో అనుకొనుచు (సేఠుతో మాత్రము మేనమామ కూతురి పెండ్లి యని చెప్పెను; స్నేహితుని పెండ్లికి ఏ సేఠును సెలవియ్యడు);
మెడలోన టవలుతో = పగలు చెమటకును, ఎండకు తలపాగాకును, రాత్రి పెట్రోలు బంకు అరుగు మీద పక్కకును పనికివచ్చు ఏకైక సామానుతో;
సైకిలు ఎక్కి = చాళ్ మెట్ల కింద గొలుసు వేసి తాళము పెట్టిన నల్లబండిని ఎక్కి;
ఘాటు నెక్కలేక = ఖోపోలీ దాటగానే నిలువున లేచు బోర్ ఘాటును తొక్కజాలక;
దిగియు = దిగి ('యు' పాదపూరణము; ఆ చోట పద్యమునకే గాదు, ప్రయాణమునకును పాదములతోనే పూరణము);
బండిని ఈడ్చుచు = తన్ను మోయవలసినదానిని తానే లాగుచు;
పప్పు గిన్నె కడుగు పాటికి = బంతులన్నియు లేచి, వంటవారు గిన్నెలు బోర్లించు వేళకు;
ఒచ్చె = వచ్చెను. 'ఒచ్చె' యనుట గ్రామ్యమని పండితులు ముఖము చిట్లింతురు. చాళ్లలో ఎవరును 'వచ్చెను' అనరు, అందరును ఒస్తరు.

తాత్పర్యము

పెండ్లికి పోయెను. పెండ్లి అయిపోయెను.

విశేషములు

దేశనిర్ణయము: పద్యమున ఊరి పేరు లేదు. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మె తరువాత, మగ్గము తెలిసిన తెలుగువారు పలువురు భివండీ సాంచాలను (మరమగ్గములను) ఆశ్రయించిరి గనుక పెండ్లి భివండీలోనే యని కొందరు. అది పొసగదు, భివండీ దారిలో ఘాటు లేదు. నిజామాబాదని మరికొందరు. అంత దూరమైనచో పప్పు గిన్నెయే కాదు, పదహారు రోజుల పండుగ గిన్నెలును కడిగియుందురు. కావున దుప్పట్లకు పేరుపొందిన పద్మశాలీల షోలాపూరే యుక్తము. దూరము సుమారు 400 కి.మీ. ఎక్స్‌ప్రెస్‌వే మీదికి సైకిలును రానీయరు గనుక పాత రోడ్డే గతి. ఆ ఘాటులో శింగ్రోబా గుడి కలదు. అతడు తెల్లవారికి కొండదారి చూపిన గొల్లవాడని ప్రతీతి. లారీవారు బండి ఆపకయే నాణెము విసరిపోదురు. మనవాడు ఎటులను నడచుచుండెను గనుక చేతితోనే వేసియుండును.

శంక: సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కిన తెల్లవారేసరికి షోలాపూరు గదా, సైకిలేల?
సమాధానము: ముహూర్తాల నెలలో వెయిటింగు లిస్టును చూచినవాడు ఈ శంక చేయడు. అసలు కారణము వేరు. కార్డు ఇచ్చునపుడు స్నేహితుడు "రావాలెరా" అనెను. ఇతడు "ఎట్లైనా వస్త" అనెను. అందరును అనునదే. అన్నవారిలో రైలు దొరకనివారు "టికెట్ దొరకలేదురా" అని ఫోను చేసి ఊరకుందురు. ఇతడు 'ఎట్లైనా' యన్న దానిలో సైకిలును చేర్చుకొనెను.

పూర్వోదాహరణములు: 1923లో బొంబాయి నుండి ఆరుగురు పారసీ యువకులు సైకిళ్లపై బయలుదేరగా మువ్వురు భూమి చుట్టి 1928లో తిరిగివచ్చిరి; వారికి కీర్తి కలిగెను. 1977లో ఒడిశా చిత్రకారుడు మహానందియా ఢిల్లీ నుండి ఐరోపాకు తొక్కి, స్వీడనులోని తన ప్రియురాలిని చేరెను. అతనికి సంసారము కలిగెను. 2020 లాక్‌డౌనులో ఒకడు తన పెండ్లికై లూధియానా నుండి ఉత్తరప్రదేశ్‌లోని ఊరికి పయనము కట్టి సుమారు 850 కి.మీ. తొక్కగా, ఊరు చేరకమునుపే పట్టి క్వారంటైనులో పెట్టిరి. అయినను పెండ్లికూతురు అతనిదే. వీరందరును తమ పని మీద తొక్కినవారు. ఒకని పెండ్లికి మరొకడు తొక్కుట ఈ పద్యముననే కనబడుచున్నది. దాని ఫలము పప్పు, అదియు మిగులలేదు.

అలంకారము: స్వభావోక్తి. కవి చెప్పని స్వభావమును పెండ్లి ఆల్బము చెప్పుచున్నది. దంపతుల పక్కన నిలిచినవాని కుడి ప్యాంటు కాలు పిక్క దాక మడిచియే యున్నది. మడత మీద గొలుసు నూనె చార. కట్నాల పుస్తకమున అతని పేరెదుట 116 రూపాయలు. తొక్కినదానికి ఆ పుస్తకమున గడి లేదు.

పాఠాంతరము: నాలుగవ పాదమును కొందరు "పప్పు గిన్నె కడుగ బట్టి యాపె" అని చదువుదురు. యతి చెడలేదు, ప-బలకు మైత్రి కలదు. కాని ఆపినదెవరు? వచ్చినవాడే ఆకలికి ఆపెనని ఒక వ్యాఖ్య. అది తప్పు, అంత దూరము తొక్కినవాడు ముందుగా నీళ్లు అడుగును. బాసికముతోనే పందిరి వెనుకకు పరుగెత్తి, వంటవాని చేతిలోని పీచును లాగుకొని, గిన్నె అంచున ఎండిన పచ్చని పొరను గరిటెతో గీకినవాడు పెండ్లికొడుకే. "ఇప్పుడా ఒచ్చుడు?" అని అతడు అడుగలేదు. "తిన్నవా?" అని కూడ అడుగలేదు, తినలేదని తెలియును. కావున ఈ పాఠమే గ్రాహ్యము. మొదటి పాఠమున పద్యము ఆలస్యమును గూర్చినది. ఈ పాఠమున స్నేహమును గూర్చినది.

ఫలశ్రుతి

ఈ టీకను కార్డు అందిన నాడే చదివినవారికి టికెట్టు కన్‌ఫర్మ్ అగును. "ఎట్లైనా వస్త" అని నోరుజారిన పిమ్మట చదివినవారికి దారిలో గాలిపంపు దొరకును.