ఉద్వాసన లేని దేవత

ఓ కవరు తల్లీ! దసరా వస్తే మా ప్రొద్దుటూరు అమ్మవారిశాలలో వాసవీమాతకు రోజుకొక అలంకారం. ఊరంతా కొత్త కోకలు కట్టి దర్శనానికి పోతుంది. ఆ తొమ్మిదినాళ్లూ అమ్మవారిని చేతులెత్తి మొక్కుతాం. నిన్ను మాత్రం ఏడాది పొడుగునా చేతికే తగిలించుకుని తిరుగుతాం. అందుకే ఈ పండక్కి నిన్నూ ఒకసారి నోరారా పొగడాలనిపించింది. అబద్ధం ఒక్కటి చెప్పను. నీ గుణాలన్నీ నిజమే, నా బాధంతా వాటితోనే.

ముందు ఆవాహనం. మిగతా దేవతలను పిలవాలంటే కలశం పెట్టాలి, మంత్రం చదవాలి. నీకు అవేవీ వద్దు. పూలంగట్లో రెండు మూరల బంతిపూలు తీసుకుని "కవర్లో ఎయ్యప్పా" అంటే వచ్చేస్తావు. టెంకాయకు ఒకటి, ఆకువక్కలకు ఒకటి, కర్పూరానికి ఇంకొకటి. పిలవకపోయినా వస్తావు. బంగారం అంగట్లో, బజ్జీల బండి దగ్గర ఒకే తీరుగా కనిపిస్తావు. గొప్పా బీదా తేడా చూడని సమదృష్టి నీది.

నీ బలం తక్కువది కాదు. నాలుగైదు గ్రాముల ఒంటితో నాలుగైదు కిలోలు మోస్తావు. 1933లో ఇంగ్లండులో ఇద్దరు శాస్త్రజ్ఞులు వేరేదానికి ప్రయోగం చేస్తుంటే పాలిథిన్ అనుకోకుండా పుట్టింది. చెవుల్లాంటి పిడులతో ఈ సంచి రూపం నీకు ఇచ్చినవాడు స్వీడన్ దేశపు స్టెన్ గుస్తాఫ్ థులిన్, 1965లో దానికి పేటెంటు వచ్చింది. కాగితం సంచుల కోసం చెట్లు కొట్టేస్తున్నారని, నిన్ను మడిచి జేబులో పెట్టుకుని మళ్లీ మళ్లీ వాడతారని ఆయన అనుకున్నాడట. ఆ మాట ఆయన కొడుకే చెప్పాడు. నిన్ను చేసినవాడు నీ ఆయుష్షుకు మర్యాద ఇచ్చాడు. అంగటి నుంచి గడప దాకా అయిదు నిమిషాలు వాడి పారేసింది మేము.

నీకు ఆసనం మా వంటింటి తలుపు వెనక మేకు. ఒక పెద్ద కవరులో యాభై చిన్న కవర్లు కుక్కి అక్కడ తగిలిస్తాం. ఏ ఇంటికి పోయినా ఆ మూట ఉంటుంది.

నీకు నైవేద్యమూ పెడతాం. పండగనాడు మిగిలిన చిత్రాన్నం, ఓళిగ ముక్కలు, గుగ్గిళ్లు నీలో పోసి, మూతి బిగించి ముడేసి వీధి మూలన పెడతాం. ఆవుకు ముడి విప్పడం రాదు. వాసన పట్టి నీతో సహా మింగుతుంది. ఆవు కడుపులో నాలుగు అరలు. నువ్వు మొదటి అరలోనే చేరి అరగకుండా, బయటికి పోకుండా ఏళ్లకేళ్లు పేరుకుంటావు. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ వాళ్లు వీధి ఆవులకు ఆపరేషన్లు చేయించి, వాటి కడుపుల్లోంచి నిన్ను పదుల కిలోల లెక్కన బయటికి తీశారు. ఆ సంగతి మీద 2012లో సుప్రీంకోర్టు దాకా పోయారు. నీ ఓర్పును తూకం వేసి చూసినవాళ్లు వాళ్లే. పండగపూట గోవుకు పసుపూ కుంకుమా పెట్టే చేతులతోనే మేము ఆ ముడి వేస్తున్నాం తల్లీ.

ఇక నీ ఊరేగింపు. విజయదశమి రాత్రి మా ఊళ్లో తొట్టిమెరవణి చూడటానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. అది ఏడాదికి ఒక్కరాత్రి. నువ్వు గాలి వీస్తే చాలు రోజూ ఊరేగుతావు. ముళ్లకంపకు జెండాగా వేలాడతావు. నాలుగు చినుకులు పడితే కాలువలోకి దిగి దాని నోరు మూస్తావు. అట్లా వరదనీరు ఊళ్లలో నిలిచిపోవడం చూసే బంగ్లాదేశ్ 2002లో, దేశాలన్నిటికంటే ముందు, నిన్ను నిషేధించింది. కాలువ దాటితే నీకు పెన్నమ్మ ఉంది. గండికోట లోయ, మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, సోమశిల, నెల్లూరు దాటితే సముద్రం. పెన్నలో ఏడాదిలో చాలా నాళ్లు ఇసుకే. ఆ ఇసుకలో నువ్వు వాన కోసం ఓపిగ్గా కాచుకుని ఉంటావు. మా రైతుకు కూడా అంత ఓపిక ఉండదు.

చట్టానికీ నువ్వు లొంగలేదు. 120 మైక్రాన్ల కంటే పల్చని కవరు 2022 డిసెంబరు 31 నుంచి ఉండకూడదు. ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, మిఠాయి పెట్టె మీద చుట్టే పల్చటి పొర, తర్మాకోలు అలంకారాలు అదే ఏడాది జులై 1 నుంచే నిషేధం. అయినా పండగ బజారులో నువ్వు రెపరెపలాడుతూనే ఉన్నావు. నీకు చదువు రాదు, నిన్ను తప్పు పట్టను. చదువుకున్న మేమే చెయ్యి చాపి నిన్ను అడుగుతున్నాం.

తల్లీ, పూజ చివర ఉద్వాసన ఉంటుంది. ఎంత పెద్ద దేవతనైనా పిలిచి, కూర్చోబెట్టి, తిండి పెట్టి, ఆఖరున నీ చోటికి నువ్వు వెళ్లిరమ్మని పంపుతాం. మట్టి వినాయకుడు నీళ్లలో కరిగి మట్టవుతాడు. ఒకప్పుడు జమ్మలమడుగులో మా అమ్మ వాళ్లింట్లో పండగ భోజనం మోదుగాకు ఇస్తరాకుల్లోనే. తిన్నాక అవి పెంటదిబ్బకు పోయేవి, మరుసటేడు ఎరువై చేనికి పోయేవి. పప్పులు కాగితం పొట్లంలో వచ్చేవి, పొట్లం దారం కూడా ఉండకు చుట్టి దాచుకునేవాళ్లం. నూనెకు ఇంటి నుంచే సీసా తీసుకుపోయేవాళ్లం. మా పండగకు ముగియడం తెలుసు. అది తెలియనిదానివి నువ్వొక్కదానివే. నువ్వు తిరిగి పోవడానికి నీకొక చోటు లేదు. మట్టి నిన్ను తినదు. తగలబెడితే విషపు పొగై మా పిల్లల ఊపిరిలోకే వస్తావు.

అందుకే ఈ దసరాకు నీ పూజ మాని చూశాను. కూతుర్ని ఇచ్చింది పులివెందులలో, అరటితోటల సీమలో. వియ్యపురాలు కట్ట కట్టి ఆకులు పంపింది. పదిమందిమీ వాటిలోనే తిన్నాం. పాత దుప్పటి చింపి మూడు సంచులు కుట్టాను. పత్తి పండే నల్లరేగడి, మగ్గాలు ఆడే వీధులు ఉన్న సీమలో చేతికి గుడ్డ సంచి లేకపోవడం ఎంత తలవంపు! మిఠాయికి టిఫిన్ క్యారియర్ పట్టుకుపోతే అంగడాయన మొదట వింతగా చూశాడు, మరునాడు "తెచ్చినావామ్మా" అని తనే అడిగాడు. నీళ్లకు బిందె, స్టీలు గ్లాసులు పెట్టాను. వాడిన పూలు, కూరల తొక్కలు, చింపిన అరటాకులు చిల్లుల కుండలో వేసి, పైన ఎండుటాకులు పరిచి, కాస్త పుల్లమజ్జిగ చల్లాను. రెండు నెలల్లో అది నల్లటి ఎరువవుతుంది, మల్లెచెట్టుకు పోస్తాను. పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు తప్పలేదు. వాటిని కడిగి ఆరబెట్టి, పొడిచెత్తగా మున్సిపాలిటీ బండికి వేరుగా ఇచ్చాను. దశమి మరునాడు తెల్లవారుజామున వీధులూడ్చే ఆడబిడ్డలు వంగిన నడుము ఎత్తకుండా నిన్ను ఏరుతుంటారు. వాళ్లు వంగి ఏరేవాటిలో మా ఇంటిది ఈసారి ఒక్కటీ లేదు.

పూజ ముగిశాక తప్పులు కాయమని అడగడం ఆచారం. నీ దగ్గర ఆ మాట అనలేను. ఆ మాట చెప్పాల్సింది ఆవుకు, పెన్నమ్మకు, చీపురు పట్టిన ఆ ఆడబిడ్డలకు. ఇన్నేళ్లుగా పిలిచిన నీకు ఉద్వాసన చెప్పే శక్తి నాకు లేదు. ఆవాహనం మానుకునే శక్తి ఉంది. తలుపు వెనక మేకుకు ఇప్పుడు గుడ్డసంచి వేలాడుతోంది.