ఓడదొంగ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఓడదొంగతనంతో పరిచయం లేదు. ఇంజనీరింగు చదివే మా మేనల్లుడు వేసవి సెలవులకు వచ్చి, "మావయ్యా, పడవలో రెండోవాడు తక్కువయ్యాడు, కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. మొదటి రాత్రే మూడుసార్లు మునిగాము. వాడు తల పట్టుకుని నాకు నాలుగు జాగ్రత్తలు చెప్పాడు. మామూలు మాటలు నాకు గుర్తుండవు గనుక వాటిని పద్యంలో పెట్టుకున్నాను. పద్యం వాడికి అర్థం కాలేదు గనుక ఈ టీక అవసరమైంది. కవీ నేనే, టీకాకారుడూ నేనే. అయినా కవిహృదయం నాకు పూర్తిగా తెలుసునని పాఠకులు భ్రమపడరాదు.

ఆట పేరు 'సీ ఆఫ్ థీవ్స్'. ఇంగ్లండులో ట్వైక్రాస్ అనే చిన్న ఊళ్లో ఉన్న రేర్ సంస్థ దీన్ని తయారుచేసింది. 2018 మార్చి 20న ఎక్స్‌బాక్స్‌కీ కంప్యూటర్లకీ విడుదలైంది. ప్లేస్టేషన్ 5 వాళ్లు 2024 ఏప్రిల్ 30 దాకా ఆగవలసి వచ్చింది. ఇందులో కనిపించే ప్రతి ఓడలోనూ, అస్థిపంజరాలూ ప్రేతాలూ నడిపేవి తప్పిస్తే, ఎక్కడో ఓ ఇంట్లో కూర్చున్న మనిషి ఉంటాడు. మనలాంటివాడే, కాకపోతే మనకన్నా బాగా గురిచూసి కొట్టగలడు.

పద్యము (ఆ.వె.)

తెరను చుట్టి నిలుపు దించకు లంగరు
నరటిపండు దినుము హాని గలుగ
సొమ్ము దొరికినపుడె చూడుము నలుగడ
నమ్ము వరకు నదియు నన్యధనమె

ఆటకు ఆటవెలది కాక ఇంకేం తగును? శ్రీకారంతో మొదలుపెట్టలేదేమని అడిగేవారికి: శ్రీ చివరి పాదంలో అమ్మకం అయ్యాక గాని రాదు.

ప్రతిపదార్థము

తెరను = ఓడ తెరచాపను, చుట్టి = పైకి చుట్టి, నిలుపు = (ఓడను) ఆపుము; లంగరున్ = లంగరును, దించకు = నీట వదలకుము; హాని + కలుగన్ = దెబ్బ తగిలినచో, అరటిపండున్ = అరటిపండును, తినుము = భక్షింపుము; సొమ్ము = నిధి, దొరికినపుడె = చేజిక్కిన ఆ క్షణముననే, నలుగడన్ = నాలుగు దిక్కులను, చూడుము = పరికింపుము; అమ్ము వరకున్ = అమ్ముడుపోవునంతవరకు, అదియున్ = ఆ సొమ్ము సైతము, అన్యధనమె = పరుల సొమ్మే.

విశేషాలు

'తెర' నానార్థక పదం. తెరచాప, అల, బొమ్మలాడే తెర అని మూడర్థాలు. కెరటాలను చుట్టడం అసంభవం గనుక రెండోది పోయింది. మా అక్క మూడో అర్థాన్ని పట్టుకుని, "తెర చుట్టి నిలుపు అంటే టీవీ కట్టేసి అన్నానికి రమ్మని" అని వ్యాఖ్యానించింది. ప్రకరణానికి ఇది పొసగదు గాని, మా ఇంట్లో ప్రమాణం ఇదే. మొదటి అర్థమే కవికి ఉద్దిష్టం.

లంగరు మీద ఎందుకింత కోపం? దించడం చిటికెలో పని. ఎత్తడానికి మాత్రం లంగరు చక్రం పట్టుకుని గానుగెద్దులా తిరగాలి. నలుగురెక్కే గాలియన్ ఓడలో నలుగురూ చక్రం తోస్తే త్వరగానే లేస్తుంది, కాని అప్పుడు చాపల దగ్గరా చుక్కాని దగ్గరా నరమానవుడుండడు. ఇద్దరెక్కే స్లూప్‌లో అయితే ఒకడు తోస్తూంటే రెండోవాడు "ఇంకా ఎంతసేపు?" అని అరుస్తూంటాడు. ఆ లోగా పక్క ఓడ ఫిరంగి మాట్లాడడం మొదలుపెడుతుంది. దీవి కాస్త దూరంలో ఉండగానే చాపలెత్తేస్తే ఓడ జడత్వం కొద్దీ జారుకుంటూ వచ్చి దానంతటదే ఆగుతుంది. పారిపోవలసి వస్తే చాప దించడమే తరువాయి.

ఆక్షేపం: లంగరు నిషిద్ధమైతే ఓడకెందుకు పెట్టినట్టు? సమాధానం: ఇది ఉత్సర్గాపవాద న్యాయం. సామాన్యవిధి దించకు అనే. కాని పరుగులో ఉండగా చుక్కాని ఒకవైపుకు పూర్తిగా తిప్పి లంగరు వదిలితే ఓడ ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. వెంటపడినవాడు మన ఫిరంగుల ఎదుటికొస్తాడు. అది అపవాదం. నేను చుక్కాని తిప్పకుండా లంగరు మాత్రం వదిలాను. అది అపభ్రంశం.

'అరటిపండు' అనడం ఉపలక్షణం. కాకుల నుంచి పెరుగు కాపాడమంటే పిల్లికి వదిలేయమని కాదు గదా, అలాగే ఇక్కడ కొబ్బరికాయ, మామిడిపండు, అనాసపండు కూడా గ్రాహ్యాలే. తింటే ఆయుష్షు గీత పెరుగుతుంది. పచ్చి మాంసం తింటే వాంతి అవుతుంది. ఆ వాంతిని బకెట్లో పట్టి శత్రువు ముఖాన కొట్టి కళ్లు మూయించవచ్చు. శిష్టాచారం కాదు గాని శాస్త్రసమ్మతం.

'హాని' ఓడకూ అన్వయించాలి. ఓడకు తగిలిన దెబ్బ కన్నమై, కన్నంలోంచి నీరై వస్తుంది. కన్నానికి చెక్కపలక కొట్టాలి, నీటిని బకెట్టుతో తోడాలి. తోడిన నీరు ఓడ బయటికే పోయాలి. ఇది చెప్పాలా అంటారు, చెప్పాలి. మొదటి రాత్రి నేను అడుగంతస్తులో తోడి అడుగంతస్తులోనే పారబోస్తూ చాలాసేపు శ్రమించాను.

ఒంటిమీద ఐదు పళ్లు, ఐదు పలకలు, పది ఫిరంగి గుండ్లకు మించి పట్టవు. మిగతావి ఓడ పీపాల్లో నింపుకోవాలి. కాబట్టి ఆట మొదలవగానే కత్తి దూసి దీవి మీదికి పరుగెత్తడం మూర్ఖలక్షణం. రేవు ఊళ్లో కనిపించిన ప్రతి పీపా మూత తీసి చూడడం పండితలక్షణం. పలక, బకెట్టు, అరటిపండు: ఇదీ ఓడదొంగ సామగ్రి. వానాకాలంలో కారే పెంకుటింటి యజమాని దగ్గర ఉండేది ఇదే. కవి ఈ పద్యంలో ఒక్క ఆయుధాన్నైనా పేర్కొనకపోవడం బుద్ధిపూర్వకమని నా నమ్మకం.

'దొరికినపుడె' లోని ఏవార్థకం ప్రాణప్రదం. ఖాళీ ఓడను ఎవడూ ఆశతో వెంటాడడు. పెట్టె తవ్వి పైకి తెచ్చిన క్షణం నుంచే మనం వేటాడదగిన వస్తువులం. ఓడలోని పటం మీద దీవులుంటాయి, మన ఓడ ఉంటుంది. ఇతరుల ఓడలు మామూలుగా కనిపించవు, రీపర్స్ బోన్స్ అనే దొంగల కూటమి జెండా ఎగరేసినవి తప్ప. 'ఇటు వెళ్లు' అని తెర మీద బాణం గుర్తూ ఉండదు. నిధి పటం మీద దీవి ఆకారమే గాని పేరుండదు. పెద్ద పటంతో పోల్చి అదేదో మనమే తేల్చుకోవాలి. ఇక దిక్కు చూడ్డానికి కళ్లు, దుర్భిణి. రాత్రిపూట ఓడ దీపాలార్పితే మనమూ ఎవరికీ తేలిగ్గా కనిపించం. మా మేనల్లుడు ఆర్పుతూ వస్తూంటే నేను చీకటని మళ్లీ వెలిగిస్తూ వచ్చాను.

చివరి పాదంలో పదవిభాగం దగ్గర మాకు తగాదా ఉంది. 'నలుగడన్ + అమ్ము' అని నేను విడగొట్టాను. తవ్విన పెట్టెను గోల్డ్ హోర్డర్స్‌కి, పుర్రెను ఆర్డర్ ఆఫ్ సోల్స్‌కి, కోళ్లనూ సరుకు పెట్టెలనూ మర్చంట్ అలయన్స్‌కి రేవులో అప్పగిస్తేనే డబ్బు. ఆ లోగా ఓడ మునిగితే సరుకంతా నీళ్ల మీద తేలుతుంది, ఏరుకున్నవాడిది సొమ్ము. చచ్చినవాళ్లు ప్రేతనౌక ఎక్కి, దాని తలుపు తెరుచుకునేదాకా నిలబడి, తిరిగొచ్చి మరో దీవి దగ్గర కొత్త ఓడ పుచ్చుకోవచ్చు. పెట్టె మాత్రం తిరిగి రాదు. అమ్మిన డబ్బుకు భయం లేదు, చచ్చినా పోదు.

మేనల్లుడు 'నలుగడ + నమ్ము' అని విడగొట్టాడు. పరుల ఓడను నమ్మేదాకా అది పరుల సొమ్మే, నమ్మి ఇద్దరూ మిత్రజెండా ఎగరేస్తే ఒకరు అమ్మినదాంట్లో సగం విలువ రెండోవారికీ జమ అవుతుంది, అమ్మినవాడికి తగ్గేదీ లేదు, కనుక స్నేహమే లాభమని వాడి వాదం. వ్యాకరణం ఒప్పుకుంటుంది. ఈ పాఠాన్ని ఒకసారి ఆచరించి చూశాం. మిత్రులు రేవు దాకా పక్కనే వచ్చి, రేవులో మమ్మల్ని ముంచి, మా పెట్టెలు కూడా అమ్ముకున్నారు. అప్పటినుంచి మా ఇంట్లో నా పాఠమే చెల్లుబాటు.

ప్రసంగవశాత్తు ఒక మాట. ఈ 'తేలినది ఏరుకున్నవాడిది' అనే న్యాయం మనవైపూ ఉండేది. తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారు. కాకతి గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, సుంకం మాత్రమే తీసుకుంటాం, మిగతాది వర్తకుడిదే అన్నాడు. ఆ శాసనం ఈ సముద్రంలో అమలులో ఉంటే ఆటే లేదు.

ఇంతా చేసి సంపాదించిన బంగారంతో ఏం కొంటారు? టోపీలు, కోట్లు, రంగురంగుల తెరచాపలు. పదునైన కత్తి, గట్టి ఓడ మాత్రం దొరకవు. విడుదలైన నాటినుంచి ఆడుతున్నవాడి కత్తి ఎంత లోతుకు దిగుతుందో నిన్న చేరినవాడి కత్తీ అంతే దిగుతుంది. నాకు ఈ ఆటలో నచ్చిన సంగతి ఇదొక్కటే, ఇదే చాలు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో 'దించకు' బదులు 'దించుము' అని ఉంది. ఆ ప్రతులను అనుసరించినవారు ప్రస్తుతం ప్రేతనౌకలో ఉన్నారు.

తాత్పర్యము

కొత్తగా సముద్రంలో దిగినవాడా, చాపలెత్తి ఓడ ఆపు, లంగరు జోలికి పోకు. దెబ్బ తగిలితే పండు తిను. పెట్టె దొరగ్గానే చుట్టూ చూడు. అమ్మేదాకా అది నీది కాదు.

మరీ భయస్తులకు 2023 డిసెంబరులో సేఫర్ సీస్ అనే వేరు సముద్రం తెరిచారు. అక్కడ పరాయి ఆటగాళ్లు రారు. సొమ్ముకు కట్టే ధర తక్కువ, కాని తాడూ చుక్కానీ చేతికి అలవాటయ్యేదాకా ఓ వారం అక్కడ గడపడం నామోషీ ఏమీ కాదు. నేను నెల గడిపాను.

సెలవులయ్యాయి, మేనల్లుడు హాస్టలుకు వెళ్లిపోయాడు. స్లూప్‌ని ఒంటరిగానూ నడపవచ్చు గాని, చుక్కాని నా చేతిలో ఉంటే కన్నాలు మూసేవాడు ఉండడం లేదు. పద్యం కంఠస్థం చేసిన పాఠకులెవరైనా రాత్రి తొమ్మిది తర్వాత, మా అక్క నిద్రపోయాక, రావచ్చు. బకెట్టు నేనే ఇస్తాను.