చింతగింజలు

నాన్నకు గుండె ఆపరేషన్ చేయాలన్నారు. ఒంగోలులో కుదరదు, గుంటూరు తీసుకెళ్లమన్నారు. సోమవారం ప్రయాణం. శనివారం సాయంత్రం అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, నాన్నకు వినపడకుండా, "అవ్వ దగ్గరికెళ్లి ప్రార్థన చేయమని చెప్పిరా" అంది.

అవ్వ ఇల్లు మా ఇంటి వెనకే. అయినా వీధి చుట్టి వెళ్లాలి, మధ్యలో గోడ ఉంది. పదకొండేళ్ల కిందటిదాకా ఆ గోడ చోట మూడడుగుల సందు ఉండేది. అవ్వ బిందె చంకన పెట్టుకుని కుళాయికి వెళ్లే దారి అదే. స్థలం మాదని నాన్న అన్నారు. తన అత్తగారి నాటినుంచీ నడిచిన దారి అని అవ్వ అంది. పెద్దమనుషులు కూర్చున్నారు. కాగితం చూపించమన్నారు. అవ్వ దగ్గర కాగితం లేదు. వారంలో గోడ లేచింది.

అప్పటినుంచి మా రెండిళ్ల మధ్య మాటలు ఆదివారం గుడి మెట్ల మీదే.

"వందనాలు అవ్వా."

"వందనాలు నాయనా."

రెండేళ్లుగా దానికి ఇంకో మాట కలిసింది. చీరాలలో ఉండే ఆమె కూతురి కొడుకు పనికని హైదరాబాదు పోయాడు. ఫోను లేదు, కబురు లేదు.

"మా మనవణ్ణి ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి నాయనా."

"చేసుకుంటున్నాం అవ్వా."

మా సంఘాల్లో ఇది రోజూ వినపడే మాట. పరీక్షలకు అడుగుతారు, పెళ్లిచూపులకు అడుగుతారు, పొలంలో బోరు దింపేముందు అడుగుతారు. ఆదివారం ఆరాధనలో విజ్ఞాపన వేళకు అయ్యగారి బల్ల మీద చీటీలు కుప్పపడతాయి. చీటీ రాయడం రానివాళ్లు అవ్వ దగ్గరికి వెళ్లి చెప్పుకుంటారు. రాయడం వచ్చినవాళ్లూ, ఆపద పెద్దదైతే, ఆమె దగ్గరికే వెళతారు. ఆమె మాత్రం ఎప్పుడూ చీటీ ఇవ్వలేదు. ఎదురుపడిన మనిషిని నోటితోనే అడుగుతుంది.

నేను వెళ్లేసరికి తలుపు తీసే ఉంది. అవ్వ చాప మీద కూర్చుని ఉంది. ముందు రెండు పాలపొడి డబ్బాలు. ఒక డబ్బాలోంచి చింతగింజ తీస్తోంది, వేళ్ల మధ్య పట్టుకుని పెదవులు కదుపుతోంది, రెండో డబ్బాలో వేస్తోంది. గింజ అడుగున పడి టక్కుమన్నాక ఇంకోటి తీస్తోంది. చేతుల్లో నలిగి నలిగి గింజలు నూనె రాసినట్టు నున్నగా ఉన్నాయి. నన్ను చూసింది. కూర్చోమని కళ్లతోనే చెప్పి మళ్లీ గింజల్లో పడింది.

చాలాసేపు కూర్చున్నాను. మొదటి డబ్బా ఖాళీ అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇవేంటవ్వా?"

"మనుషులు నాయనా. నాకు చదువు లేదు కదా. లెక్క తప్పితే ఒకరు మిగిలిపోతారు. తెల్లారి ఒకసారి, దీపాలవేళ ఒకసారి."

"ఎంతమంది?"

"నూట పద్నాలుగు. నిన్నటిదాకా నూట పదమూడే. వడ్రంగి కోడలికి కాన్పు కష్టమయ్యిందంట, ఇందాకే వేశాను."

"ఏ గింజ ఎవరిదో ఎట్లా తెలుస్తుంది?"

"గింజలు తెలియవు. పేర్లు తెలుసు. పేరు కనుక్కోకుండా గింజ వేయను. వడ్రంగి కోడలంటే దేవుడికి తెలియదా అంటావు. ఆయనకు తెలుసు. నాకు తెలియాలి కదా. పొద్దున వాళ్లింటికి పోయి ఆ పిల్ల పేరు అడిగొచ్చాను."

డబ్బా మూత బిగిస్తూ ఒంగోలు ప్రార్థన కొండ సంగతి ఎత్తింది. ఆ కథ మా వైపు పిల్లలకు కూడా తెలుసు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జ్యూవెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కారు. కింద కనపడే ఊరి కోసం, ఆ ఊరికి ఒక బోధకుడు రావాలని మోకరించారు. వాళ్లు అడిగిన బోధకుడు, క్లౌ దొర, ఒంగోలు వచ్చి స్థిరపడేసరికి 1866. కొండ మీద ప్రార్థన జరిగిన ఇరవై నాలుగేళ్లకు, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

"అందులో మా ముత్తవ్వ ఉందంట" అంది అవ్వ. "అంతమందిని గుంపుగా ముంచలేదంట నాయనా. ఒక్కొక్కళ్లనూ పేరు పెట్టి పిలిచారంట. అంతకుముందు ఆమెను పేరు పెట్టి పిలిచినోళ్లు లేరంట. మా అవ్వ ఈ ముక్క చెప్పినప్పుడల్లా ఏడ్చేది."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. వచ్చిన పని ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. చివరికి నేల చూస్తూ చెప్పాను. నాన్నకు ఆపరేషన్. సోమవారం గుంటూరు. అమ్మ పంపింది. ఒక గింజ వేయాలి.

అవ్వ డబ్బా మూత తీసింది. కొత్త గింజ కోసం గూట్లో చెయ్యి పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. డబ్బాలోనే వేళ్లు ఆడించి, వెతికి, ఒక గింజ తీసి అరచేతిలో పెట్టి చూపించింది. ఒక పక్క పెచ్చు ఎగిరిపోయి తెల్లగా ఉంది.

"గింజలు తెలియవన్నానే, ఇదొక్కటి తెలుసు. మీ నాయనది."

నేను తలెత్తాను.

"పునాది తవ్విన రోజు వేశాను. కోపంలో గట్టిగా విసిరితే డబ్బా అంచుకు తగిలి పెచ్చు లేచింది. ఆయన పేరు నోటికి రావడానికి నెల పట్టింది. తరవాత వచ్చేసింది. పదకొండేళ్లు, రోజుకు రెండుసార్లు."

గింజను మళ్లీ డబ్బాలో వేసింది. "కొత్తది అక్కర్లేదు నాయనా. ఆపరేషన్ సంగతి చెప్పావుగా, రేపటినుంచి దాన్ని కూడా చెబుతాను. మీ అమ్మను ధైర్యంగా ఉండమను."

నాకు గొంతు పూడుకుపోయింది. ఏదో ఒకటి అనాలి. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"మీ మనవడి కోసం మేమూ ప్రార్థన చేస్తున్నాం అవ్వా."

ఆమె ముఖం విప్పారింది. "తెలుసు నాయనా. ఆ ఒక్క ధైర్యంతోనే ఉన్నాను. నా ఒక్కదాని ప్రార్థనేగా అని దిగులు పడ్డప్పుడల్లా, మీ ఇంట్లో నలుగురు చేస్తున్నారు అనుకుంటాను."

చాప మీద జరిగి నాకు చోటిచ్చింది. మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, గోడ పట్టుకుని మెల్లగా మోకరించింది. డబ్బాలోంచి ఒక గింజ తీసి నా చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"ఇది వాడిదనుకో. మీరు చేస్తుంటే ఎప్పుడూ విన్లేదు. ఇవాళ నువ్వు చెయ్యి, వాడి పేరు పెట్టి. నేను వింటాను."

పక్కన మోకరించాను. కళ్లు మూసుకున్నాను. అవ్వ తల మీద కొంగు కప్పుకుని ఎదురుచూస్తోంది.

ఆ అబ్బాయి పేరు నాకు తెలియదు.