ఇరవయ్యొకటి నిండేదాకా లాగండి

మీ ఇంట్లో పద్ధెనిమిది దాటి ఇరవయ్యొకటి నిండని కుర్రాడున్నాడా? వాడి మీద చిన్నదో చితకదో ఒక కేసు పడిందా? ఏం దిగులు పడకండి. ఆ చిన్న కేసును పెంచి పెద్దచేసి, వాడికి పెళ్లీడు వచ్చాక కూడా వెంట తిరిగేలా చూసే ఉపాయాలు నా దగ్గర దండిగా ఉన్నాయి. కోర్టు ఆవరణలో చెట్టు కింద టీలు తాగుతూ సంపాదించిన విద్య ఇది. ఫీజు అక్కర్లేదు.

మన దారికి మొదటి అడ్డు చట్టమే. 1958లో పార్లమెంటు ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్ట్ అని ఒకటి చేసి కూర్చుంది. అందులో ఆరో సెక్షన్ మహా ప్రమాదకరమైనది. యావజ్జీవం పడే నేరం కాకపోతే, ఇరవయ్యొకటి నిండని మనిషిని జైలుకు పంపకూడదని అది మేజిస్ట్రేటు చెయ్యి పట్టుకుంటుంది. పంపక తప్పదనుకుంటే ఎందుకు తప్పదో ఆయన తీర్పులో రాయాలి. దానికి ముందు ప్రొబేషన్ అధికారిని ఇంటికి పంపించి, కుర్రాడి సంగతీ సందర్భాలూ కనుక్కుని నివేదిక తెప్పించుకోవాలి. మందలించి వదిలేయడానికి మూడో సెక్షన్, బాండు రాయించుకుని సత్ప్రవర్తన మీద విడిచిపెట్టడానికి నాలుగో సెక్షన్ ఉండనే ఉన్నాయి. ఇన్ని తలుపులు బార్లా తీసి ఉంటే మీవాడు లోపలికి వెళ్లేదెలా?

దీనికి విరుగుడు వాయిదా. కుర్రాడి వయసును ఏ రోజుకు లెక్కగట్టాలన్న ప్రశ్న 1960ల్లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. నేరం జరిగిన రోజుకు కాదు, కింది కోర్టు దోషి అని తేల్చిన రోజుకు చూడాలని 1962లో తేలిపోయింది. మనకు ఇంతకంటే ఏం కావాలి? పంతొమ్మిదేళ్లప్పుడు కేసు పడిందనుకోండి, రెండేళ్లు లాగితే చాలు, ఆరో సెక్షన్ దానంతటదే జారిపోతుంది. మొదటి పేషీకి వకీలుకు ఒంట్లో బాగుండదు. రెండో పేషీకి సాక్షి ఊళ్లో ఉండడు. మూడో దానికి మేజిస్ట్రేటు సెలవు. అసలు మీరు కష్టపడనక్కర్లేదు, మన కోర్టుల్లో కేసు ఊరికే వదిలేసినా లాగుతూనే ఉంటుంది. వాయిదా దొరికిన ప్రతిసారీ గెలిచినట్టు వకీలుతో చెయ్యి కలపండి. ఇరవయ్యొకటో పుట్టినరోజుకు కేకు కోయించడం మాత్రం మరిచిపోకండి. నాలుగో సెక్షన్ కింద అడిగే వీలు అప్పటికీ మిగిలే ఉంటుంది గానీ, ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం. మేజిస్ట్రేటు కారణాలు రాయాల్సిన అగత్యం పోయింది కదా, అదే మనకు పండగ.

వకీళ్లకు ఒక మాట. కోకా సుబ్బారావు గారి తీర్పుల జోలికి వెళ్లకండి. రాజమండ్రిలో పుట్టి దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయిన ఆ పెద్దమనిషి 1964లో ఒక చిక్కు తెచ్చిపెట్టారు. గుర్‌గావ్‌లో పదహారేళ్ల కుర్రాడికి మేజిస్ట్రేటు ఆరు నెలల జైలు వేశాడు. ప్రొబేషన్ చట్టం ఆ జిల్లాలో అమల్లోకి వచ్చిందేమో 1962 సెప్టెంబరు 1న, అంటే శిక్ష పడిన తర్వాత. మనబోటివాళ్లైతే ‘పాపం, తృటిలో తప్పిపోయింది’ అని ఫైలు కట్టేసేవాళ్లం. సుబ్బారావు గారు కట్టలేదు. మనిషిని బాగుచేయడానికి పుట్టిన చట్టాన్ని అప్పీలు కోర్టు కూడా వర్తింపజేయవచ్చునని మెజారిటీ తీర్పు రాశారు. కింది కోర్టులో అడగడం మరిచిపోయినా పైన అడిగే వీలుందని దీన్నిబట్టి క్లయింట్లకు తెలిసిపోతే కొంప మునుగుతుంది. అందుకని అప్పీలు ఖర్చు దండగ అని చెప్పేయండి.

ఇక లోక్ అదాలత్ రోజు. పొద్దున్నే స్టేషన్ నుంచి ఫోను వస్తుంది, ‘కుర్రాణ్ణి తీసుకురండి, కేసు తీసేస్తారు’ అని. తీసేయడం అంటే ఏమిటని అడగకండి. అవతలివాళ్లతో రాజీపడి కేసు కొట్టేయించుకోవడం ఒక దారి. నేరం ఒప్పేసుకుని ఫైను కట్టడం ఇంకో దారి. రెండింటికీ సంతకం ఒకేలా పెడతారు గనుక రెండూ ఒకటేనని నమ్మండి. సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు, కోడికూర తినొచ్చు. ఒప్పుకుని కట్టిన ఫైను కూడా శిక్షే, రికార్డుల్లో మీవాడు దోషే అన్న సంగతి కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు వాడే తెలుసుకుంటాడు. అదే మూడో సెక్షన్ కింద మందలింపుతోనో, నాలుగో సెక్షన్ కింద బాండుతోనో బయటపడితే, దోషి అని తేలినందువల్ల చట్టరీత్యా వచ్చే అనర్హత అంటదని పన్నెండో సెక్షన్ చెబుతోంది. వంద రూపాయల ఫైనుతో పోయేదానికి అంత చదువెందుకండీ?

దొంగతనంలో సొత్తు పోగొట్టుకున్నవాళ్ల తరఫు పెద్దలకూ నా దగ్గర సలహాలున్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కొత్తగా సమాజసేవ అనే శిక్ష పెట్టారు. ఐదు వేల లోపు దొంగతనం, దోషిగా తేలడం అదే మొదటిసారి, సొత్తు తిరిగి ఇచ్చేశాడు అంటే జైలు లేదు, సమాజసేవే. కాబట్టి పోయింది మూడేళ్లు వాడి అంచులు పగిలిన సెల్‌ఫోను అయినా, ఫిర్యాదులో మాత్రం కొన్ననాటి ధర రాయించండి. స్టేషన్ రైటర్ అడ్డు చెప్పడు. పద్ధెనిమిది వేలు అని ఒక్క అంకె పడిందా, కుర్రాడు పార్కులో చెత్త ఊడ్చే బదులు సబ్‌జైల్లో పడుకుంటాడు. కుర్రాడి తండ్రికి వేరే సలహా. ఫోను తిరిగి ఇవ్వొద్దు, ఇస్తే ఒప్పుకున్నట్టే అని పట్టుబట్టండి. రెండు వైపులా ఇలా సహకరిస్తే పని నున్నగా అవుతుంది.

రిమాండు గురించి ఎక్కువ చెప్పను, అది మన ప్రమేయం లేకుండానే సాగుతుంది. జైళ్లలో నలుగురిలో దాదాపు ముగ్గురు శిక్ష పడనివాళ్లే. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపేస్తే బాండు మీద వదలాలని కొత్త నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ అంటుంది. దొంగతనానికి మూడేళ్లైతే ఏడాది. ఆ ఏడాదిలో మీవాడికి పాత ఖైదీలు నేర్పే చదువు ఏ ఐటీఐలోనూ దొరకదు. జామీను ఇచ్చే దిక్కులేని కూలీ పిల్లలకు ఈ చదువు పూర్తిగా ఉచితం. నాలుగో సెక్షన్ కింద వదలాలన్నా కుర్రాడికో, పూచీ పడే మనిషికో స్థిరమైన నివాసమో, నికరమైన పనో ఉండాలంటారు. పాడేరు నుంచి హైదరాబాదుకు పనికొచ్చి పదిమందితో కలిసి రేకుల గదిలో ఉండేవాడికి ఏ కాగితం చూపిస్తారు?

పాడేరు అన్నాను గనుక గంజాయి మాట. ఇక్కడ నా సలహా నిజంగా అమోఘం. విశాఖ ఏజెన్సీ నుంచి బ్యాగు మోసుకొస్తే ఐదు వేలు ఇస్తామని ఎవరైనా అంటే, ‘చిన్న పిల్లాడివి, పట్టుకున్నా వదిలేస్తారులే’ అని కుర్రాడికి ధైర్యం చెప్పండి. మాదకద్రవ్యాల చట్టం 33వ సెక్షన్ పద్ధెనిమిది నిండినవాడికి ప్రొబేషన్ తలుపు మూసేసిందని, కేవలం వాడుకున్న కేసుల్లాంటి ఒకటి రెంటికే అది తెరుచుకుంటుందని చెప్పకండి. బ్యాగులో ఇరవై కిలోలు దాటితే కనీసం పదేళ్లని అసలే చెప్పకండి. అలవాటు పడినవాడి విషయం వేరు. కొద్ది మోతాదుతో దొరికి, తానే కోరి ప్రభుత్వ గుర్తింపున్న ఆసుపత్రిలో చికిత్సకు చేరితే అసలు విచారణే ఉండకుండా 64ఏ సెక్షన్ కాపాడుతుంది. మన దేశంలో కోర్టు మెట్లు ఎక్కకముందే పక్కకు మళ్లించే అరుదైన దారుల్లో అదొకటి. ఆసుపత్రి అంటే పదిమందికీ తెలుస్తుంది, పరువేమవుతుంది? పెళ్లి చేసేయండి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదని పెద్దలు అన్నారు గదా, వాళ్లు ఆ సామెత రెండో సగం కూడా చెప్పారు గానీ అది పిల్ల తరఫువాళ్ల బాధ.

అమెరికాలో ఎంఎస్ చదివే బాబులకు ప్రత్యేక చిట్కా. దుకాణంలో బిల్లు కట్టకుండా సరుకు తెచ్చి దొరికితే, అక్కడ మొదటి తప్పుకు డైవర్షన్ అనే ఏర్పాటు చాలా రాష్ట్రాల్లో ఉంది. చెప్పిన తరగతులకు హాజరై, చెప్పిన సేవ చేస్తే కేసు ఎత్తేస్తారు. ఎంత హాయి! ఎగిరి గంతేసి సంతకం పెట్టేయండి. ఆ కాగితంలో నేరం ఒప్పుకుంటున్నారో లేదో చూడొద్దు. కోర్టు తర్వాత కేసు ఎత్తేసినా, ముందు నేరం ఒప్పుకుని ఏదో ఒక రకం శిక్షో ఆంక్షో అనుభవిస్తే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని దోషనిర్ధారణ కిందే లెక్కిస్తుంది. అక్కడి కుర్రాడికి ఊరటైనది వీసా మీదున్న మీకు ఉరితాడు కావచ్చు. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ముప్పు ఉంటే, ఆ సంగతి వకీలు ముందే చెప్పి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు 2010లో తేల్చింది. కాబట్టి వకీలు దాకా వెళ్లకుండా రూమ్మేట్‌ను అడగండి. వాడికి అన్నీ తెలుసు.

ఉద్యోగ దరఖాస్తులో ‘మీపై ఎప్పుడైనా కేసు ఉందా?’ అన్న గడిలో ‘లేదు’ అని గుండ్రంగా రాయించండి. చిన్న వయసులో చేసిన చిల్లర తప్పును, దాచినా సరే, యజమాని పట్టించుకోకుండా వదిలేయవచ్చునని 2016లో సుప్రీంకోర్టు అన్నది నిజమే. ఉన్నదున్నట్టు చెప్పినవాణ్ణీ తీసుకుని తీరాలని లేదు. కానీ తీరా దొరికాక, కేసు కంటే దాచిన అబద్ధమే పెద్ద నేరంలా కనిపిస్తుంది. రెంటికి చెడిన రేవడి కావాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ఇంత చేసినా ఒక్కోసారి అనర్థం జరుగుతుంది. పట్టుదల గల మేజిస్ట్రేటు ఎవరో తగిలి, వాయిదాలు తెగ్గొట్టి, నివేదిక తెమ్మని ప్రొబేషన్ అధికారిని మీ ఇంటికి పంపిస్తాడు. ఆయన బండి దిగగానే కుర్రాణ్ణి మేనమామ ఊరికి తరిమేయండి. ఐటీఐ సర్టిఫికెట్టు బీరువాలో పెట్టి తాళం వేయండి. వాడి పాత మాస్టారు మంచిమాట చెబుతానని వస్తే వద్దనండి. పక్కింటి ఆవిడ మాత్రం తప్పకుండా ఉండాలి, మూడో తరగతిలో వాడు ఆమె జామకాయలు కోసిన వైనం ఆమే చెప్పాలి. మీరు అరుగు మీద కూర్చుని ‘వాడు నా మాట వినడు సార్, లోపల వేస్తేనే బుద్ధొస్తుంది’ అని గట్టిగా అనండి. ఆయన అదే రాసుకుంటాడు. వెళ్లేముందు టీ మాత్రం ఇవ్వండి, అందులో పంచదార ఎక్కువ వేయించండి, మర్యాదలో మనకు పేరు పోకూడదు.